ఆఫ్రికా చుట్టూ తిరిగిన సరుకు

ఎర్ర సముద్రం గురించి నన్ను అడగండి, చెబుతాను. దాని నోరు ఎంత ఇరుకో, ఆ నోటికి అటు ఏ దేశముందో, ఇటు ఏ దేశముందో, ఎవరి సైనిక స్థావరం ఎక్కడుందో, మన యుద్ధనౌకలు ఏ మూల తిరుగుతుంటాయో కళ్లు మూసుకుని గీసి చూపిస్తాను. పాశమైలారంలో మా ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న చిచ్చా హోటల్లో, బల్ల మీద ఒలికిన టీలో వేలు ముంచి మరీ గీసేవాణ్ణి. చుట్టూ పదిమంది మూగేవారు. ఇప్పుడు గీయడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుగా ఉంటుంది, అయినా చెబుతాను.

నాది మందుల ఫ్యాక్టరీలో డిస్పాచ్ సూపర్‌వైజర్ ఉద్యోగం. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఇక్కడి పెద్ద ప్రభుత్వ ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఈ గాలిలోనే. ఇంట్లో అమ్మతో కోస్తా తెలుగు, గేటు దాటితే ఇక్కడి తెలుగు, బీహారు కూలీలతో వచ్చీరాని హిందీ. మా నాన్న చిన్నప్పుడు వాళ్ల ఊరికి సముద్రం సైకిల్ దూరంలో ఉండేదట. నేను మాత్రం పుట్టి బుద్ధెరిగాక మూడుసార్లు చూశాను. మూడుసార్లూ ప్యాంటు మడిచి చీలమండ దాకా దిగి బయటికొచ్చేశాను. ఇదీ నా సముద్రానుభవం.

అయినా సముద్రమంటే పిచ్చి. ప్రతి పత్రికలోనూ ఓడల వార్తలు వెతుక్కునేవాణ్ణి. రాత్రి భోజనం దగ్గర టీవీలో రిటైరైన అధికారులు మ్యాపు ముందు నిలబడి మాట్లాడుతుంటే ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయేవాణ్ణి. "మీరు నేవీలో చేరాల్సిన మనిషండీ, పొరపాటున అట్టపెట్టెల్లో పడ్డారు," అనేది మా ఆవిడ. వెటకారమని తెలుసు, అయినా లోపల బాగానే ఉండేది.

యెమెన్ వైపు నుంచి ఓడల మీద డ్రోన్లూ క్షిపణులూ పడడం మొదలయ్యాక నా దశ తిరిగింది. అప్పటిదాకా నా సోది వినేది చిచ్చా ఒక్కడే. అదీ టీ కాస్తూ, వేరే దారి లేక. ఇప్పుడు రెండో షిఫ్టు వాళ్లు కూడా పదినిమిషాలు ముందొచ్చి నా చుట్టూ కూర్చునేవారు. నేను వేలితో గీసి చెప్పేవాణ్ణి. "ఇది మన అరేబియా సముద్రం. ఇది మన ముంగిలి. ఇందులో వేరేవాడు వచ్చి కర్ర తిప్పుతుంటే మనం చూస్తూ కూర్చోం. చైనావాడు సముద్రపు దొంగల్ని తరుముతానని వచ్చి, ఇదిగో ఈ నోటి దగ్గరే స్థావరం కట్టుక్కూర్చున్నాడు. అమెరికావాడు కూటమి కట్టాడు. మనం ఏ కూటమిలోనూ చేరం. మన నౌకలు మనమే పంపుతాం. కానీ ఆపదలో ఉన్నవాడు పిలిస్తే, వాడు ఏ దేశపువాడైనా సరే, ముందుగా చేరేది మనమే. అదీ మన పద్ధతి."

చివరి మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త గంభీరమయ్యేది. ఆ నౌకలు నేనే పంపినట్టు.

"సాబ్, ఆ దరియా మీరు చూసిన్రా?" అని ఒకరోజు చిచ్చా అడిగాడు.

"లేదు."

"నేను చూసిన. ఉమ్రాకు మక్కా పోయినప్పుడు జిద్దాల. పేరుకే ఎర్రది సాబ్, నీలంగనే ఉంటది."

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ తర్వాత రెండు రోజులు చిచ్చా టీ చప్పగా ఉందని వంక పెట్టాను. అంత చిన్న మనసు నాది.

నా ఉపన్యాసాలు వినేవాళ్లలో ఒకావిడ ఉండేది. హోటల్లో కూర్చునేది కాదు. ప్యాకింగ్ హాలు ఆడవాళ్ల కోసం టీ ఫ్లాస్కు నింపించుకోవడానికి వచ్చి, నింపేదాకా గుంజకి ఆనుకుని నిలబడి వినేది. మా హాల్లో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు, నేనూ అక్క అనేవాణ్ణి, నాకంటే పదేళ్లు చిన్నదైనా. తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తోంది. ఆ తొమ్మిదేళ్లలో కాంట్రాక్టర్లు నలుగురు మారారు. మారినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి, కొత్తవాడి కాగితంలో తన పేరుందో లేదో చూసుకుని లోపలికి వచ్చేది. పోతిరెడ్డిపల్లిలో ఏళ్ల తరబడి కిరాయికుండి, చివరికి కొల్లూరు సర్కారు ఇళ్లలో రెండు గదుల ఇల్లు వచ్చింది. ఇల్లొచ్చిన రోజు హాలంతటికీ పేడాలు పంచింది.

"ఇల్లయితే అయింది సార్," అంది నా చేతిలో పేడా పెడుతూ. "ఇగ నౌకరీ ఒక్కటి పక్కాగయితె సాలు. ఇంకేం అడగ."

ఆ ఏడాది అది అయ్యేట్టే ఉంది. ప్యాకింగ్‌లో ఒక్కరిని పర్మనెంట్ చేస్తామని కంపెనీ చెప్పింది. జాబితా నా చేతుల మీదుగానే పోయింది. మొదటి పేరు ఆమెది. పర్మనెంటయితే పెద్దగా ఆకాశం నుంచి ఏమీ ఊడిపడదు. కంపెనీ బస్సులో కూర్చోవడానికి చోటు, కాంటీన్లో ఆఫీసువాళ్ల వరసలో పళ్లెం, కాంట్రాక్టరు మారినప్పుడు గుండెలు అరచేత పట్టుకుని గేటు దగ్గర నిలబడక్కర్లేకపోవడం. అంతే. ఆ మాత్రం దాని కోసం తొమ్మిదేళ్లు ఒక్క చెడ్డ మాట పడకుండా పనిచేసింది.

ఇక ఆ రోజు సంగతి.

యూరపులో ఒక కొత్త పార్టీకి మొదటి సరుకు పంపాలి. వేడి తగలకూడని మందు. అలాంటి సరుకు పెట్టెల్లో లాగర్ అని చిన్న యంత్రం పెడతాం. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. దాని పచ్చ బటన్ మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే దీపం మిణుకుమంటుంది. అప్పటి నుంచి ఐదు నిమిషాలకోసారి పెట్టెలో వేడి ఎంతుందో రాసుకుంటూ పోతుంది. అక్కడివాళ్లు పెట్టె విప్పాక ముందు దాన్నే చూస్తారు. దారిలో ఎక్కడా వేడెక్కలేదని అది చెబితేనే మందు ముట్టుకుంటారు. అయితే ఐదు నిమిషాలకోసారి రాస్తే యాభై అయిదు రోజులకు దాని పొట్ట నిండిపోతుంది. నిండాక ఆగిపోతుంది. పది నిమిషాలకోసారి రాయమని కంప్యూటర్లో మార్చితే దానికి రెట్టింపు రోజులు వస్తుంది. మార్చడం నా పని, రెండు నిమిషాలు పడుతుంది. బటన్ నొక్కడం అక్క పని.

మామూలుగా అయితే సూయజ్ మీదుగా నెల రోజుల్లో చేరే సరుకు. అందుకని ఐదు నిమిషాల లెక్క ఎప్పుడూ ఎవరూ మార్చలేదు.

గురువారం ప్యాకింగ్ అయిపోయింది, లాగర్లు పెట్టి టేపులు వేయడమే మిగిలింది. కంటైనర్ కూడా వచ్చి నిలబడింది. అప్పుడు పైనుంచి కబురు. శనివారం అమావాస్య, కొత్త పార్టీకి మొదటి సరుకు అమావాస్య ముందు గేటు దాటకూడదు. ఆదివారం పాడ్యమి, అదీ పనికిరాదు. సోమవారం విదియ, ఉదయం కొబ్బరికాయ కొట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పంపుదాం అన్నారు యజమానిగారు. మా దగ్గర ఇది కొత్తేమీ కాదు. కోట్ల రూపాయల యంత్రాలు కూడా మంచి ముహూర్తం కోసం గుడ్డ కప్పుకుని కూర్చుంటాయి. సరే, సరుకు నాలుగు రోజులు మా చల్లగదిలోనే ఉంటుంది, నష్టమేముంది అనుకున్నాం.

అదే గురువారం మధ్యాహ్నం యజమానిగారి గదిలో మీటింగు. ఓడలన్నీ ఆఫ్రికా చుట్టూ తిరిగి పోతున్నాయి, మన ఎగుమతుల గతేంటి అని. చిచ్చా హోటల్లో నా ప్రతాపం గురించి ఎవరో ఆయన చెవిన వేశారు. "మన డిస్పాచ్ ఆయనకి ఇవన్నీ కొట్టిన పిండట కదా, రమ్మనండి, ఒక అరగంట చెబుతాడు," అన్నారట. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆ గదిలోకి కుర్చీలో కూర్చోవడానికి నన్ను పిలవడం అదే మొదటిసారి. ముందు రోజే పటాన్‌చెరు వెళ్లి పెద్ద మ్యాపు ప్రింటు తీయించుకొచ్చాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. ఆ రోజు ఉదయం నుంచి నా కాళ్లు నేల మీద లేవు.

మ్యాపు చుట్ట చంకలో పెట్టుకుని బయల్దేరుతుంటే అక్క ప్యాకింగ్ హాలు గుమ్మంలో ఆపింది. చేతిలో ట్రే, ట్రేలో లాగర్లు.

"సార్, బండి సోమారం పోతదంటున్నరు. గివి గిప్పుడే నొక్కాల్నా? సోమారం పొద్దుగాల నొక్కి, అప్పుడు టేపులేస్తా."

"సోమవారం పొద్దున హాలు ఇంకో బ్యాచికి ఇవ్వాలక్కా. ఇప్పుడే నొక్కేసి టేపులు వేసేయి."

"అట్లగాద్సార్." ఆమె కదల్లేదు. "మీరే చెప్తిరి గద, ఓడలు ఆఫ్రికా సుట్టు తిరిగి పోతున్నయని, శాన దినాలు పడుతున్నదని. మరి అన్ని దినాలు గిది రాస్తదా?"

అబ్బ! ఆ ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. రోజూ సముద్రాన్ని బల్ల మీద గీసినవాడికి రాని ప్రశ్న, ఫ్లాస్కు పట్టుకుని గుంజకి ఆనుకుని విన్నావిడకి వచ్చింది. నేను చెప్పిన ముక్కని ఆవిడ తన చేతిలో ఉన్న పనికి కలిపి చూసుకుంది. నేను మాత్రం ఆ ముక్కని యజమాని గది గోడకి తగిలించడానికి మోసుకుపోతున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గడియారం చూసుకున్నాను. ఇంకా అయిదు నిమిషాలుంది మీటింగుకి.

"రాస్తుంది, రాస్తుంది. నువ్వు నొక్కక్కా. మిగతాది నేను చూసుకుంటాను," అన్నాను.

ఆమె నొక్కింది. రిజిస్టర్లో "ఆన్ చేసినవారు" అనే గడిలో సంతకం పెట్టింది. ఎవరు చెబితే చేశారో రాసే గడి మా రిజిస్టర్లో లేదు. ఎన్ని నిమిషాలకోసారి రాయమని పెట్టారో రాసే గడి కూడా లేదు.

ఆ మధ్యాహ్నం నేను అదరగొట్టాను. దాచుకోను, అది నా జీవితంలో అన్నిటికంటే మంచి అరగంట. మ్యాపు మీద కర్ర పెట్టి అరేబియా సముద్రం, ఏడెన్ సింధుశాఖ, ఇరుకు నోరు, సూయజ్, అన్నీ చూపించాను. మన నౌకాదళం ఎక్కడెక్కడ కాపలా కాస్తోందో, ఎవరితోనూ జట్టు కట్టకుండా అందరికీ ఎలా అక్కరకొస్తోందో చెప్పాను. "సరుకు ఆలస్యమవుతుంది సార్, కానీ పోదు," అన్నాను. యజమానిగారు నా భుజం తట్టారు. ఆ గదిలో అంతమంది ఉన్నారు, నాతో సహా ఒక్కడికీ లాగర్ గుర్తుకు రాలేదు.

సోమవారం కొబ్బరికాయ కొట్టారు. నిమ్మకాయలు చితికాయి. బండి వెళ్లిపోయింది.

తర్వాత ప్రతి ఉదయం ఫోన్లో ఆ ఓడ ఎక్కడుందో చూసుకునేవాణ్ణి. చిన్న బాణం గుర్తు ఆఫ్రికా కిందకి పాకుతుండేది. చిచ్చా హోటల్లో అందరికీ చూపించేవాణ్ణి. "చూడండి, మన సరుకు." అక్క కూడా ఫ్లాస్కు పట్టుకుని తొంగి చూసేది. "ఇంక గింతనే పోయిందా సార్?" అనేది. ఓడ ఒక రేవులోకి వెళ్లడానికి చోటు దొరక్క పది రోజులు నిలబడిపోయింది. నేను ఆ పది రోజుల గురించి కూడా ఉపన్యాసం చెప్పాను. రేవుల రద్దీ మీద.

మెయిల్ ఒక బుధవారం వచ్చింది. సరుకు చేరింది. పెట్టెలు బాగానే ఉన్నాయి. కానీ లాగర్లన్నీ చేరడానికి నాలుగు రోజుల ముందే ఆగిపోయాయి. ఆ నాలుగు రోజులు మందు చల్లగా ఉందో లేదో చెప్పే కాగితం లేదు కాబట్టి, సరుకు తీసుకోలేము, ఇక్కడే తగలబెట్టిస్తాము అని రాశారు.

నాలుగు రోజులు. గురువారం నుంచి సోమవారం దాకా. లెక్క వేయడానికి వేళ్లు కూడా అక్కర్లేకపోయింది. సోమవారం నొక్కినా సరిపోయేది. గురువారం నొక్కినా, నేను ఆ రెండు నిమిషాలు కంప్యూటర్ ముందు కూర్చుని అయిదుని పది చేసినా సరిపోయేది. రెండిట్లో ఏ ఒక్కటైనా చాలు. రెండూ అక్క అడిగింది. రెండూ నేను కొట్టిపారేశాను.

విచారణ శుక్రవారం పెట్టారు. క్వాలిటీ విభాగం పెద్దాయన మధ్యలో, పక్కన హెచ్.ఆర్. మనిషి, ఒక వైపు నేను. అక్క ఎదురుగా నిలబడింది. కుర్చీ ఉంది గానీ ఎవరూ కూర్చోమనలేదు. నేనూ అనలేదు.

"నీకు ట్రైనింగ్ అయిందా?" అన్నాడు క్వాలిటీ పెద్దాయన.

"అయింది సార్."

"లాగర్ ఎప్పుడు ఆన్ చేయాలని ఉంది అందులో?"

"బండి పోయే దినం సార్."

"మరి నువ్వెప్పుడు చేశావు?"

ఆమె తల తిప్పి నా వైపు చూసింది. కోపంగా కాదు. నిలదీసినట్టు అసలే కాదు. బస్సులో పక్కవాళ్లని కాస్త జరగమని చూస్తామే, అలా. ఇక మీరు చెప్పండి సార్ అన్నట్టు. సార్ చెబుతాడని ఆమెకి అనుమానం లేదు. మిగతాది నేను చూసుకుంటానని అన్నది నేనే కదా.

"సార్‌కు ఎరికె," అంది మెల్లగా.

అందరూ నా వైపు తిరిగారు.

ఒక్క మాట చాలు. "నేనే చెప్పాను, నొక్కమని" అంటే అయిపోయేది. ఏమవుతుంది నాకు? మహా అయితే ఒక వార్నింగ్ లెటర్. కానీ రిటైర్మెంటుకి రెండేళ్లుంది. మా నాన్న రిటైరైన రోజు నాకు బాగా గుర్తు. మెడ నిండా దండలు, శాలువా, ప్లాంటు బ్యాండు, ఓపెన్ జీపులో ఇంటిదాకా ఊరేగింపు. అమ్మ హారతి పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. నాకు జీపు రాదని తెలుసు. కనీసం ఒక దండ, ఒక శాలువా, యజమానిగారి నోటి నుంచి నాలుగు మంచి ముక్కలు. ఫైల్లో మచ్చ ఉన్నవాడికి అవి వేయరు. ఆ దండ కోసం, నమ్మండి, పువ్వుల దండ కోసం, నేను నీళ్లు నమిలాను.

"ఆ రోజు మధ్యాహ్నం నేను యజమానిగారి మీటింగులో ఉన్నాను సార్," అన్నాను.

అబద్ధం కాదు. అక్షరం అక్షరం నిజం. ఛీ.

క్వాలిటీ పెద్దాయన తలాడించి రాసుకున్నాడు. అక్క ఇంకొక్క క్షణం నా వైపే చూసింది. తర్వాత నేల చూపులు చూసింది. నోరు విప్పినా ఎవరు నమ్మేవాళ్లు? రిజిస్టర్లో సంతకం ఆమెది.

కారణం అనే గడిలో "ఆపరేటర్ తప్పిదం" అని రాశారు. పర్మనెంట్ జాబితాలో ఆమె పేరు కొట్టేసి కింద పేరు పైకి జరిపారు. ఫైల్లో ఆ ముక్క పడ్డాక ఇక ఏ ఏటా ఆమె పేరు జాబితాకెక్కదు. ప్యాకింగ్ నుంచి కూడా తీసేశారు. బతిమాలుకుంటే హౌస్‌కీపింగ్ కాంట్రాక్టులో చోటిచ్చారు. ప్యాకింగ్ వాళ్ల నీలం చొక్కా పోయి ఆకుపచ్చ కోటు వచ్చింది. చేతికి చీపురు, బకెట్టు.

ఆ వారం ఒక రాత్రి మా ఆవిడకి జరిగిందంతా చెప్పాను. ఆవిడ అంతా విని, "రేపు వెళ్లి చెప్పండి. ఏమైతే అదవుతుంది," అంది. నిజంగానే వెళ్లాను. హెచ్.ఆర్. గది తలుపు మూసి ఉంది. సారు సెలవులో ఉన్నాడన్నారు. అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే మీరు ఉమ్మేస్తారు. ఆయన సెలవు నుంచి తిరిగొచ్చిన రోజు నేను ఆ వరండా వైపే వెళ్లలేదు. ఇంట్లో మా ఆవిడ అడిగితే, చెప్పానన్నాను. ఈసారి అచ్చమైన అబద్ధం.

చిచ్చా ఒకరోజు టీ ఇస్తూ అడిగాడు. "సాబ్, ఫ్లాస్కు పట్టుకొని కొత్త పిల్ల వస్తున్నది. అక్క ఏమైంది? తబియత్ బాగలేదా?"

"పని మార్చారు."

"క్యోం?"

"ఏమో."

"దరియా సంగతేంది? ఇయ్యాల గీయలేదేంది?"

గ్లాసు సగంలో పెట్టి లేచి వచ్చేశాను.

ఆ రోజుల్లోనే టీవీలో చూపించారు. సముద్రపు దొంగలు పట్టుకున్న ఒక ఓడ మీదికి మనవాళ్లు దిగి నావికుల్ని విడిపించారు. ఆ నావికులు డెక్ మీద చేతులు జోడించి నిలబడ్డారు. ఒకాయన ఏడుస్తున్నాడు. వేరే ఏ రోజైనా అయితే నా ఛాతీ పొంగిపోయేది. ఆ రోజు రిమోట్ తీసుకుని కట్టేశాను. ఎక్కడో వేల మైళ్ల అవతల నడిసముద్రంలో ఎవరో పిలిస్తే మా నౌక వెళుతుందని ఊరంతా చాటాను. బల్లకి అవతల నిలబడ్డ మనిషి దగ్గరికి నేను వెళ్లలేదు. మధ్యలో మూడడుగుల దూరం కూడా లేదు.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆగలేదు.

ఇలాంటిది మళ్లీ జరక్కూడదని కొత్త పద్ధతి రాయమన్నారు. ఎవరు రాయాలి? సముద్రం తెలిసినవాడు రాయాలి. నేనే రాశాను. ఓడ దారి మారితే లాగర్ లెక్క మార్చాలి, బండి బయల్దేరే రోజే ఆన్ చేయాలి, అమావాస్య లాంటి కారణాలతో ఆగితే పెట్టెలు మూయకూడదు. అక్క గుమ్మంలో నిలబడి అడిగిన రెండు ప్రశ్నల్నే ఆరు పేజీలు చేశాను. కింద రాసినవారు అని నా సంతకం. యజమానిగారు చదివి, దీని మీద అన్ని విభాగాలకీ ట్రైనింగ్ ఇవ్వండి, ఆ మ్యాపు కూడా చూపించండి, ఆ రోజు బ్రహ్మాండంగా చెప్పారు అన్నారు.

కాంటీన్ హాల్లో పెట్టారు ట్రైనింగు. రూలు ప్రకారం అందరూ హాజరు వేయాలి, హౌస్‌కీపింగ్ కూడా. గోడకి నా మ్యాపు. చివరి వరసలో, తలుపు పక్కన, ఆకుపచ్చ కోటులో ఆమె. కాళ్ల దగ్గర బకెట్టు. నేను ఆ వైపు చూడకుండా మొదలుపెట్టాను. మాటలు వాటంతటవే వచ్చేశాయి, ఎన్నిసార్లు చెప్పినవో కదా. ఇరుకు నోరు, స్థావరాలు, కాపలా నౌకలు. చివరికి ఆ ముక్క కూడా వచ్చేసింది. "ఆపదలో ఉన్నవాళ్లు పిలిస్తే ముందుగా చేరేది మనమే." నోట్లోంచి బయటపడ్డాక గానీ తెలియలేదు ఏం మాట్లాడానో.

"డౌట్స్ ఏమన్నా ఉన్నాయా?" అన్నాడు క్వాలిటీ పెద్దాయన మామూలుగా.

ఆమె చెయ్యెత్తింది. అందరూ వెనక్కి తిరిగారు.

"సార్, ఆపదల ఉన్నోళ్లు పిలిచిన్రని మనోళ్లకు ఎట్ల తెలుస్తది?"

"రేడియోలో పిలుస్తారక్కా," అన్నాను.

"రేడియో లేకపోతే?"

"లైటు వేస్తారు. జెండా ఊపుతారు."

"గవి గూడ లేకపోతే?" ఆమె నా ముఖంలోకే చూస్తోంది. "ఉత్తగ మొఖం దిక్కు సూస్తె తెల్వదా సార్?"

హాల్లో ఫక్కున నవ్వు లేచింది. క్వాలిటీ పెద్దాయన కూడా నవ్వాడు. "ఓడకి ముఖం ఎక్కడుంటుందమ్మా!" అన్నాడు. పాపం అమాయకురాలు అనుకున్నారందరూ. ఆమె నవ్వలేదు. నా జవాబు కోసం నిలబడే ఉంది. ఆ శుక్రవారం నిలబడ్డట్టే. అంతమంది మధ్య, ఏ విచారణా లేకుండా, ఏ కాగితమూ లేకుండా, నాకు రెండోసారి అవకాశం ఇచ్చింది.

అందరూ నవ్వుతూ నా వైపు చూస్తున్నారు. నేనూ నవ్వాను.

"తెలియదక్కా. నోటితో పిలవాల్సిందే," అన్నాను.

"సరే సార్," అంది. ముందుకొచ్చి, హాజరు కాగితం మీద, నేను చెప్పిందంతా తనకి అర్థమైందన్న గడిలో సంతకం పెట్టి, బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది.